ఉద్యోగం తీసిన కాగితం మీద సంతకం ఎవరిది?



పోయినసారి మేము మీటర్‌గేజ్ రోజుల గురించి రాస్తే ఇంకా రైలు సంగతులు రాయమని చాలామంది అడిగారు. ఈసారి కూడా రైలు వస్తుంది. దానితోపాటు ఒక చట్టం చరిత్ర కూడా వస్తుంది. రాత కొంచెం పొడుగు. కాఫీ పెట్టుకుని నిదానంగా చదవండి.

ఎందుకు రాస్తున్నామో ముందు చెబుతాం. సంక్రాంతి అయిన ఆదివారం మన సంఘం హాల్లో బంతి భోజనాలు జరిగాయి కదా. మా పక్కన కూర్చున్న ఒక చెల్లెమ్మ సాంబారు వడ్డించే లోపల గొంతు తగ్గించి అడిగింది. "అన్నా, మా పాప ఇంగ్లండులో ఒక కంపెనీలో లెక్కల పని చేస్తుంది. అక్కడ లెక్కల్లో ఏదో తప్పు జరుగుతోందంట. పైవాళ్ళకు చెప్పాలా వద్దా అని రాత్రిళ్ళు నిద్రపోకుండా ఫోన్ చేస్తోంది. మీరు రైల్వేలో రూల్సు చూసినవారు. నోరు మూసుకుని ఉండమని చెప్పేదా?"

మాకు వెంటనే జవాబు రాలేదు. "చూసి చెబుతామమ్మా" అన్నాం. ఇంటికొచ్చాక మా కోడలి సాయంతో రెండు నెలలు ఆ దేశపు తీర్పులూ నివేదికలూ చదివాం. మేము వకీలు కాదు, గుమస్తా. ఫైలు ఎలా నడుస్తుందో తెలుసు, అంతే. చదివినదాన్ని చెల్లెమ్మకు చెప్పాం. మన పిల్లలు చాలామంది బయటి దేశాల్లో, ఇక్కడా ప్రైవేటు కంపెనీల్లో ఉన్నారు కాబట్టి అందరికీ పనికొస్తుందని ఇప్పుడు రాస్తున్నాం.

రైల్వేవాళ్ళకు విజిల్ అంటే గార్డు చేతిలోది. అది ఊదితే బండి కదలాలి, లేదా ఆగాలి. ఎవరూ గార్డును "ఎందుకు ఊదావు" అని ఉద్యోగం నుంచి తీసెయ్యరు. కానీ ఆఫీసులో జరిగే తప్పును బయటపెట్టేవాళ్ళను కూడా ఇంగ్లీషులో విజిల్‌బ్లోయర్ అంటారు. మన తెలుగు పత్రికలవాళ్ళు ప్రజావేగు అని రాస్తారు. ఈ విజిల్ ఊదినవాళ్ళ గతి వేరు. "యథార్థవాది లోకవిరోధి" అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంగ్లండులో ఈ మనుషుల్ని కాపాడే చట్టం 1998లో వచ్చింది. అది ఎవరో మేధావి గదిలో కూర్చుని ఆలోచించి రాసింది కాదు. వరసగా జరిగిన ప్రమాదాల్లోంచి పుట్టింది.

మొదటిది ఓడ. 1987 మార్చి 6 సాయంత్రం బెల్జియంలోని జీబ్రగ రేవు నుంచి "హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్" అనే ఫెర్రీ ఓడ బయలుదేరింది. కార్లు, లారీలు ఎక్కడానికి ముందువైపు పెద్ద తలుపులుంటాయి. వాటిని మూయకుండానే ఓడ కదిలింది. మూయాల్సిన మనిషి తన గదిలో నిద్రపోతున్నాడు. నీళ్ళు లోపలికి వచ్చి కొద్ది నిమిషాల్లోనే ఓడ పక్కకు ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు.

విచారణలో తెలిసిందేమిటంటే, తలుపులు మూశారో లేదో కెప్టెన్ నిలబడే చోట తెలిసేలా ఒక దీపం పెట్టమని ఓడ నడిపేవాళ్ళు ముందే అడిగారు. ఒడ్డున ఆఫీసులో కూర్చున్న మేనేజర్లు వెటకారంగా జవాబులు రాశారు. తలుపు మూసేవాడు మెలకువగా ఉన్నాడో లేదో చెప్పడానికి కూడా ఒక దీపం కావాలా అన్న ధోరణి. ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే మిగిలిన ఓడలకు ఆ దీపాలు బిగించారు. అంత చిన్న పని అది.

తర్వాత కంపెనీ మీదా, కొందరు అధికారుల మీదా నరహత్య కేసు పెట్టారు. 1990లో అది కోర్టులో కూలిపోయింది. అప్పటి న్యాయం ప్రకారం కంపెనీకి శిక్ష పడాలంటే, కంపెనీకి తలకాయలాంటి ఒక పెద్ద మనిషి తానే ఆ తప్పు చేశాడని చూపించాలి. పెద్ద కంపెనీలో బాధ్యత పది బల్లల మీద పది ముక్కలుగా ఉంటుంది. ఏ ఒక్కరి దగ్గరా పూర్తి తప్పు దొరకదు. ఆఫీసులో పనిచేసినవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది.

రెండోది చమురు బావి. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక పేలి కాలిపోయింది. 167 మంది చనిపోయారు. లార్డ్ కల్లెన్ విచారణ చేశారు. భద్రత గురించి మాట్లాడితే పని పోతుందేమో అన్న భయం అక్కడి కార్మికుల్లో ఉందని ఆ విచారణలో బయటపడింది.

మూడోది మా రైలు. 1988 డిసెంబరు 12 సోమవారం పొద్దున, లండన్‌లోని క్లాఫమ్ జంక్షన్ దగ్గర. బేసింగ్‌స్టోక్ నుంచి వస్తున్న బండి డ్రైవరుకు ఆకుపచ్చగా ఉన్న సిగ్నల్ తను దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా ఎర్రగా మారింది. ఆపే దూరం లేక దాటిపోయాడు. రూలు ప్రకారం తర్వాతి సిగ్నల్ దగ్గర బండి ఆపి, అక్కడి టెలిఫోన్‌లో సిగ్నల్ బాక్సుకు చెప్పడానికి దిగాడు. వెనక ఉన్న సిగ్నల్ ఎర్రగా ఉండి అతని బండిని కాపాడాలి. అది కాపాడలేదు. పూల్ నుంచి వస్తున్న బండి వెనకనుంచి వచ్చి గుద్దింది. పక్క లైనులో వస్తున్న ఖాళీ బండి ఆ శిథిలాలకు తగిలింది. 35 మంది చనిపోయారు, దాదాపు 500 మందికి దెబ్బలు తగిలాయి.

కారణం ఒక వైరు. రెండు వారాల ముందు, నవంబరు 27న, రిలే గదిలో కొత్త వైరింగ్ చేసిన టెక్నీషియన్ పాత వైరును ఒక కొన మాత్రమే విప్పి, కత్తిరించకుండా, కొనకు టేపు చుట్టకుండా వదిలేశాడు. తర్వాత అదే గదిలో వేరే పని జరిగినప్పుడు ఆ వైరు కదిలి మళ్ళీ పాత చోటికి తగిలింది. దానితో పట్టాల మీద బండి ఉన్నా సిగ్నల్‌కు ఆ సంగతి తెలియలేదు. ఆ టెక్నీషియన్‌కు అంతకుముందు 13 వారాల్లో ఒక్క రోజే సెలవు దొరికింది. అతని పనిని ఇంకొకరు సరిచూడాలి, వైర్లు లెక్కపెట్టాలి. ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆంథొనీ హిడెన్ అనే పెద్ద న్యాయవాది విచారణ చేసి 1989లో నివేదిక ఇచ్చారు. అందులో 93 సిఫార్సులున్నాయి. మా మనసుకు తగిలింది మాత్రం ఒక చిన్న సంగతి. వైర్లు వదులుగా ఉన్నాయని పనిచోట ఒక ఉద్యోగి చూశాడు. కానీ గొడవెందుకులే అని ఊరుకున్నాడు. 1991లో బ్రిటిష్ రైల్‌కు రెండున్నర లక్షల పౌండ్ల జరిమానా పడింది. ఆ జరిమానా సంస్థ కట్టింది, అంటే ప్రజల డబ్బు. ఏ అధికారీ తన జేబులోంచి కట్టలేదు.

నాలుగోది పిల్లలది. 1993 మార్చి 22న ఇంగ్లండు దక్షిణ తీరంలో లైమ్ బే అనే చోట, ప్లిమత్ నుంచి వచ్చిన బడి పిల్లలు చిన్న పడవల్లో సముద్రంలోకి వెళ్ళారు. నలుగురు చనిపోయారు. ఆ పడవల శిక్షణ కేంద్రంలో పనిచేసిన ఇద్దరు శిక్షకులు నెలల ముందే, ఇక్కడి భద్రత బాగాలేదు, జాగ్రత్తపడకపోతే ఘోరం జరుగుతుందని రాసి ఉద్యోగం వదిలి వెళ్ళిపోయారు. ఆ ఉత్తరం ఫైల్లో ఉంది. కోర్టులో ఆ ఉత్తరమే సాక్ష్యమైంది. 1994లో ఆ కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్‌కు జైలు పడింది, కంపెనీకీ నరహత్య నేరం రుజువైంది. ఇంగ్లండులో ఒక కంపెనీకి ఆ నేరం రుజువు కావడం అదే మొదటిసారి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. ఓడ కంపెనీ పెద్దది, ఎవరికీ శిక్ష పడలేదు. పడవల కంపెనీ చిన్నది, యజమాని ఒక్కడే, కాబట్టి దొరికాడు. ఒక తప్పుకు ఒకరు జవాబు చెప్పాలా వద్దా అనేది ఆఫీసులో ఎన్ని బల్లలున్నాయన్న దాన్నిబట్టి ఉండేది.

ఇవన్నీ చూసి 1993లో అక్కడ కొందరు పబ్లిక్ కన్సర్న్ ఎట్ వర్క్ అనే సంస్థ పెట్టారు. చెప్పాలా వద్దా అని సతమతమయ్యే ఉద్యోగులకు ఉచితంగా సలహా ఇవ్వడం దాని పని. ఇప్పుడు దాని పేరు ప్రొటెక్ట్. వాళ్ళు చట్టం కోసం పట్టుబట్టారు. రిచర్డ్ షెపర్డ్ అనే ప్రతిపక్ష సభ్యుడు సొంతంగా బిల్లు పెట్టాడు, అధికార పక్షం మద్దతిచ్చింది. 1998 జూలై 2న చట్టమైంది, సరిగ్గా ఏడాదికి, 1999 జూలై 2న అమల్లోకి వచ్చింది.

చట్టం చెప్పేది మాకు తెలిసిన మాటల్లో ఇది. నేరం, చట్టాన్ని మీరడం, ఆరోగ్యానికి ప్రమాదం, పర్యావరణానికి హాని, న్యాయం తప్పడం, లేదా వీటిని దాచిపెట్టడం జరుగుతోందని ఒక ఉద్యోగి సబబైన కారణంతో నమ్మి చెబితే, అది రక్షణ ఉన్న మాట. ముందు యజమానికి చెప్పొచ్చు. ఆయా విషయాలు చూసే ప్రభుత్వ సంస్థలకు చెప్పొచ్చు. పత్రికలకు చెప్పాలంటే షరతులు గట్టివి. అలా చెప్పినందుకు ముఖ్యంగా ఉద్యోగం తీస్తే, అది అన్యాయమైన తొలగింపు. మామూలు తొలగింపు కేసులకు ఇన్నేళ్ళ సర్వీసు ఉండాలన్న నియమం దీనికి లేదు. నష్టపరిహారానికి పైపరిమితి లేదు.

చెల్లెమ్మకు ఇంతవరకు చెప్పి మేము ఆగి ఉంటే అది సగం మాటే అయ్యేది. ఎందుకంటే చట్టం వచ్చాక కూడా కంతలు బయటపడ్డాయి.

మాంచెస్టర్‌లో ముగ్గురు నర్సులు, తమతో పనిచేసే ఒకరు లేని అర్హతలు ఉన్నట్టు చెప్పుకుంటున్నారని పైవాళ్ళకు చెప్పారు. వాళ్ళు చెప్పింది నిజమేనని తేలింది. అయినా తోటి ఉద్యోగులు వాళ్ళ మీద కక్షకట్టి వేధించారు. చివరికి ఇద్దరిని అక్కడినుంచి మార్చేశారు, మూడో ఆమెకు డ్యూటీలు ఇవ్వడం మానేశారు. 2011లో అప్పీలు కోర్టు, తోటి ఉద్యోగి చేసే వేధింపు ఈ చట్టం కింద నేరుగా తప్పు కాదు, కాబట్టి దానికి యజమానిని బాధ్యుణ్ణి చేయలేం అంది. నిజం చెప్పినవాళ్ళు ఓడిపోయారు.

ఆ కంత పూడ్చడానికి 2013లో చట్టం మార్చారు. నిజం చెప్పిన ఉద్యోగికి తోటి ఉద్యోగి గాని, మేనేజర్ గాని, కంపెనీ తరఫున వ్యవహరించే ఇంకెవరైనా గాని కీడు చేస్తే, ఆ మనిషి కూడా సొంతంగా బాధ్యుడే. కంపెనీ కూడా బాధ్యురాలే, అటువంటిది జరగకుండా తాను చేయగలిగిందంతా చేశానని నిరూపించుకుంటే తప్ప. దానితోపాటు, చెప్పే మాట ప్రజల మేలుకు సంబంధించినదై ఉండాలన్న షరతు కూడా అప్పుడే చేర్చారు.

ఇక అసలు ప్రశ్న. వేధిస్తే మేనేజర్ బాధ్యుడు, సరే. ఉద్యోగమే తీసేస్తే? చట్టంలో ఒక వాక్యం ఉంది. కీడు గురించిన సెక్షన్, ఆ కీడు తొలగింపు అయినప్పుడు వర్తించదని. తొలగింపుకు వేరే సెక్షన్ ఉంది, అది కంపెనీ మీద మాత్రమే వేయగల కేసు. అంటే మేనేజరు నిన్ను తిడితే తన జేబులోంచి కట్టాలి, నీ పొట్ట కొడితే కట్టనక్కరలేదు అన్నట్టయింది.

ఈ ముడి 2018లో టిమిస్, ఒసిపోవ్ కేసులో విప్పారు. ఒసిపోవ్ ఒక చమురు కంపెనీకి పెద్ద అధికారి. నైజర్ దేశంలో కంపెనీ వ్యవహారాలు, కంపెనీని నడిపే తీరు గురించి ఆయన అభ్యంతరాలు చెప్పాడు. 2014 అక్టోబరులో ఆయన్ని తీసేశారు. ఆ నిర్ణయం వెనక ఇద్దరు డైరెక్టర్లున్నారని, ఆయన చెప్పిన మాటలే కారణమని ట్రిబ్యునల్ తేల్చింది. కేసు ముగిసేసరికి కంపెనీ దివాలా స్థితిలో ఉంది. డబ్బు లేని కంపెనీ మీద గెలిస్తే కాగితమే మిగులుతుంది.

అప్పీలు కోర్టులో న్యాయమూర్తి అండర్‌హిల్ తీర్పు రాశారు. ఆ అడ్డు వాక్యం యజమాని మీద వేసే కేసుకే గాని, తొలగించాలన్న నిర్ణయంలో పాలుపంచుకున్న మనుషులను కాపాడడానికి కాదు అన్నారు. తొలగింపు వల్ల వచ్చిన నష్టాన్ని కూడా వాళ్ళ దగ్గర రాబట్టొచ్చు అన్నారు. కంపెనీతో పాటు ఆ ఇద్దరు డైరెక్టర్లు కూడా 17 లక్షల పౌండ్లకు పైగా మొత్తానికి బాధ్యులయ్యారు. ఇంకొక తేడా కూడా ఉంది. కంపెనీ మీద తొలగింపు కేసు గెలవాలంటే ఆ మాట చెప్పడమే ముఖ్య కారణమని తేలాలి. మనిషి మీద వేసే కేసులో, ఆ నిర్ణయంలో దాని పాత్ర చెప్పుకోదగ్గంత ఉంటే చాలు.

మరుసటి ఏడాది, 2019 నవంబరు 27న, అక్కడి సుప్రీంకోర్టు రాయల్ మెయిల్, జుటీ కేసులో ఇంకొక కంత పూడ్చింది. ఆ ఉద్యోగిని కొత్తగా చేరి, తన విభాగంలో నియమాలు మీరడం చూసి తన పైఅధికారికి చెప్పింది. ఆయన ఆమె మీద ఒత్తిడి పెట్టి మాట వెనక్కి తీసుకునేలా చేశాడు. తర్వాత ఆమె పని బాగాలేదని వారం వారం మీటింగులు పెట్టి కాగితాలు తయారుచేశాడు. తొలగింపు నిర్ణయం తీసుకున్నది వేరే అధికారి. ఆమెకు అసలు కథ తెలియదు. ఫైల్లో ఉన్నది నిజాయితీగా నమ్మి సంతకం పెట్టింది. కింది కోర్టులో, సంతకం పెట్టిన ఆమె మనసులో దురుద్దేశం లేదు కదా అన్నారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఉద్యోగి మీద అధికారమున్నవాడు నిజమైన కారణాన్ని దాచి కల్పిత కారణాన్ని సృష్టిస్తే, ఆ తెర చించి వెనక ఉన్న కారణాన్నే చూడాలంది.

ఈ తీర్పు చదువుతుంటే మాకు చేతులు చల్లబడ్డాయి. కారణం చెబుతాం.

రైల్వేలో చేరకముందు, టైపింగ్ హయ్యర్ పాసై, మేము ఒక ప్రైవేటు కంపెనీలో రెండేళ్ళు టైపిస్టుగా ఉన్నాం. ఏ ఊరో, ఏ కంపెనీయో రాయం. అక్కడ ఒక స్టోర్‌కీపర్ ఉండేవారు, మాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. పాత ఇనుము అమ్మేటప్పుడు తూకం తక్కువ రాస్తున్నారని గమనించి, ఆయన మేనేజరుకు రాతపూర్వకంగా చెప్పారు. నెల తిరగకుండా ఆయన మీద నోట్ తయారైంది. ఆలస్యంగా వస్తున్నాడు, రిజిస్టర్లు సరిగా లేవు, పనిలో శ్రద్ధ లేదు అని. ఆ నోట్ టైపు చేసింది మేమే. పై ఊరినుంచి వచ్చిన పెద్ద అధికారి దాన్ని చదివి, ఒక్క ప్రశ్న అడగకుండా సంతకం పెట్టాడు. తొలగింపు కాగితం కూడా మేమే టైపు చేశాం, మూడు కార్బన్ కాపీలతో.

ఆయన ఆలస్యంగా రావడం మేము ఒక్క రోజూ చూడలేదు. మాకంటే ముందే వచ్చి స్టోర్ తాళం తీసేవారు. తెలిసీ టైపు చేశాం. మాకు అప్పుడు ఇరవై ఏళ్ళు, ఇంట్లో ముగ్గురు చెల్లెళ్ళు. ఆయన కాగితం తీసుకుని వెళ్ళేటప్పుడు మా బల్ల దగ్గర ఆగి, "నీ తప్పేముంది తమ్ముడూ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని వదల్లేదు. క్లాఫమ్‌లో వదులు వైర్లు చూసి ఊరుకున్న మనిషి గురించి చదివినప్పుడు మాకు గుర్తొచ్చింది ఆ బల్లే.

తర్వాత రైల్వేకు వచ్చాక తేడా తెలిసింది. ప్రభుత్వ ఉద్యోగికి రాజ్యాంగంలో 311వ అధికరణం ఉంది. 1968 డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్సు ఉన్నాయి. పెద్ద శిక్ష వేయాలంటే మామూలుగా ఎస్.ఎఫ్.5 అనే ఫారంలో ఛార్జ్‌షీట్ ఇవ్వాలి, ఎన్‌క్వైరీ జరగాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మన స్టోర్‌కీపర్‌కు ఇవేవీ లేవు.

మన దేశంలో ప్రజావేగుల సంగతి కూడా చెప్పాలి. 2001 డిసెంబరులోనే లా కమిషన్ 179వ నివేదికలో ఇటువంటి చట్టం కావాలని చెప్పింది. ఆ కమిషన్ అధ్యక్షులు మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఇంగ్లండు చట్టాన్ని కూడా ఆ నివేదిక పరిశీలించింది. నివేదిక అలాగే ఉండిపోయింది. 2002లో సత్యేంద్ర దూబే అనే ఇంజనీరు, స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అక్రమాల గురించి ప్రధానమంత్రికి ఉత్తరం రాశాడు. తన పేరు రహస్యంగా ఉంచమని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. దోపిడీ కోసం చేసిన హత్య అని సి.బి.ఐ. తేల్చింది. ఏదైనా, పేరు దాచమన్న మనిషి పేరు దాచలేకపోయాం అన్నది మాత్రం నిజం.

ఆ తర్వాత 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఒక తీర్మానం చేసి, ఇటువంటి ఫిర్యాదులు తీసుకునే బాధ్యత సెంట్రల్ విజిలెన్స్ కమిషన్‌కు ఇచ్చింది. 2005 నవంబరు 19న, కోలారులో పుట్టిన షణ్ముగం మంజునాథ్, కల్తీ చేసే పెట్రోలు బంకును మూయించినందుకు ఉత్తరప్రదేశ్‌లో హత్యకు గురయ్యాడు. మన పక్క ఊరి పిల్లవాడు, వయసు 27. 2014 మే 9న విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. కానీ దాన్ని ఇంతవరకు అమల్లోకి తేలేదు. తెచ్చినా అది ప్రభుత్వ సేవకుల మీద ఫిర్యాదులకే. ప్రైవేటు వైపు, 2013 కంపెనీల చట్టం లిస్టయిన కంపెనీల్లో ఫిర్యాదుకు ఒక ఏర్పాటు ఉండాలంటుంది. మేనేజరు తన జేబులోంచి కట్టాలన్న మాట అందులో లేదు.

అయితే ఆ ఆలోచన మన కోర్టులకు కొత్తది కాదు. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో మన సుప్రీంకోర్టు, అధికారి దురుద్దేశంతో పౌరుణ్ణి వేధిస్తే ఆ పరిహారం ప్రజల డబ్బులోంచి పోకూడదు, బాధ్యులైన అధికారుల నుంచి రాబట్టాలి అంది. అది ఇల్లు ఆలస్యంగా ఇచ్చిన కేసు, ఉద్యోగం కేసు కాదు. కానీ సూత్రం అదే.

కొందరు అడగొచ్చు, మేనేజరును సొంతంగా బాధ్యుణ్ణి చేస్తే ఎవరూ ధైర్యంగా క్రమశిక్షణ చర్య తీసుకోరు కదా అని. అది కూడా నిజమైన మాటే. పని చెయ్యనివాడు కూడా నేను విజిల్ ఊదాను, అందుకే తీశారు అని కేసు వేస్తాడు. అందుకే కోర్టులు నిజమైన కారణం ఏమిటి అన్న ప్రశ్న దగ్గరే నిలబడతాయి. నిజంగా పని బాగాలేక తీస్తే మేనేజరుకు భయం లేదు. ఉన్న కారణం దాచి లేని కారణం రాసినవాడికే భయం. ఆ భయం ఉండాలి. కంపెనీ కడితే అది ఒక ఖర్చు లెక్క. మనిషి కట్టాలంటే సంతకం పెట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

చెల్లెమ్మకు మేము చెప్పింది ఇది. పాపను భయపెట్టవద్దు, తొందరపెట్టనూ వద్దు. ఏ తేదీన ఏం చూసిందో తన నోటుబుక్కులో రాసుకోమనండి. కంపెనీ రహస్య కాగితాలు ఇంటికి తేవద్దనండి. ముందు కంపెనీ సొంత నియమాల ప్రకారం, రాతపూర్వకంగా, విన్నది వేరు చూసింది వేరుగా రాసి చెప్పమనండి. నోటిమాటగా చెప్పింది గాలిలో కలిసిపోతుంది, రాసింది ఫైల్లో ఉంటుంది. రాసేముందు ప్రొటెక్ట్ లాంటి సంస్థ సలహా అడగమనండి. ఏదైనా జరిగితే ఆలస్యం చెయ్యవద్దనండి. అక్కడ ట్రిబ్యునల్‌కు వెళ్ళే గడువు నెలల లెక్కే. కేసు తేలేదాకా ఉద్యోగం గాని జీతం గాని కొనసాగించమని కోరాలంటే తొలగించిన ఏడు రోజుల్లోనే అడగాలి. చట్టం ఉన్నంతమాత్రాన దెబ్బ తగలదని కాదు. ఒసిపోవ్‌కు నాలుగేళ్ళు పట్టింది, జుటీకి ఐదేళ్ళు దాటింది. అది కూడా పాపకు తెలియాలి.

పోయిన వారం చెల్లెమ్మ ఫోన్ చేసింది. "పాప రాసి పంపించిందన్నా. ఇంకా జవాబు రాలేదు. రాత్రి మాత్రం నిద్రపోయిందంట" అంది. ఇంకేం జరుగుతుందో చూడాలి. ఆ పిల్లకు అంతా మంచే జరగాలని మీరూ కోరుకోండి.

మన సంఘంలో వకీళ్ళున్నారు. మేము రాసినదాంట్లో చట్టం తప్పుగా ఉంటే దిద్దండి. మేము చదివింది తమిళ బడిలో, తెలుగు అక్షరాలు నలభై దాటాక ఇదే సంఘం ఆదివారం తరగతిలో నేర్చుకున్నాం. కాబట్టి భాషలో తప్పులుంటే అవీ దిద్దండి. మీ ఇంట్లో ఆఫీసుకు వెళ్ళే పిల్లలుంటే ఇది వాళ్ళకు చదివి వినిపించండి. చెప్పేవాళ్ళకే కాదు, టైపు చేసేవాళ్ళకు కూడా.

ఆ స్టోర్‌కీపర్‌గారు ఇప్పుడు లేరు. ఆయన పిల్లలు ఎక్కడున్నారో మాకు తెలియదు. ఎక్కడైనా ఇది చదివితే, మీ నాన్నగారు ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాలేదని మేము సాక్ష్యం చెబుతున్నాం. నలభై ఏళ్ళ ఆలస్యం మాది.